ఏథల్ బర్గెస్ సంతకం

ఇస్త్రీపెట్టె కింద పేరుపట్టీ అంటుకోవాలంటే పన్నెండు లెక్కపెట్టాలి. పదికే తీస్తే మొదటి ఉతుకుకే ఊడి వస్తుంది. పదిహేను దాకా ఉంచితే ఉన్ని మాడుతుంది. డెస్ ట్రిఫిట్ పెదవులు కదుపుతూ పన్నెండు దాకా లెక్కపెట్టి, పెట్టె ఎత్తి, మేజోడు తిరగేసి చూసుకుని, పక్కన పడేసి ఇంకోటి తీశాడు. నిన్న కొత్తగా చేరిన పెద్దావిడవి ఇంకా ముప్పై దాకా ఉన్నాయి. రాత్రిగౌన్లు, స్వెటర్లు, లోబట్టలు, అన్నిటికీ పేరుండాలి. ఈ వృద్ధాశ్రమానికి వచ్చినవాళ్లు మొట్టమొదట చేసే పని తమ బట్టలన్నీ తీసి డెస్ చేతిలో పెట్టడమే. అందుకే ఇక్కడ డాక్టరు పేరు తెలియనివాళ్లున్నారు గానీ డెస్ పేరు తెలియనివాళ్లు లేరు.

అతనికి అరవై మూడేళ్లు. పొట్టి మనిషి, చెవులు మాత్రం పెద్దవి. సబ్బునీళ్లలో నాని నాని చేతులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి, వేళ్ల కణుపుల దగ్గర చలికాలమంతా పగుళ్లే. ఎడమ మోకాలు వంగదు. ఉతుకు గది నేలమాళిగలో ఉంది. మూడు ఉతికే మిషన్లు, రెండు ఆరబెట్టేవి, ఒక పొడవాటి బల్ల. నేలకి సమంగా ఉన్న చిన్న కిటికీలోంచి మనుషులు మోకాళ్ల దాకానే కనిపిస్తారు. ఇరవై రెండేళ్ల నుంచి అతను జనాన్ని జోళ్లను బట్టే గుర్తుపడుతున్నాడు.

ఒకప్పుడు భార్య ఉండేది. సముద్రం అవతల మెల్‌బోర్న్‌లో అక్కగారింటికి నాలుగు రోజులని వెళ్లి అక్కడే ఉండిపోయింది. అదేమిటని డెస్ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. శనివారాలు మాత్రం అతనికి ఖాళీ ఉండదు. కాలితోనూ చేత్తోనూ ఆడే ఆ దేశపు ఫుట్‌బాల్‌కి పేటలో ఒక క్లబ్బుంది; అందులో ఆటగాళ్ల చొక్కాలు ఉతకడం, బంతులకి గాలి కొట్టడం, విరామంలో కమలాపండ్లు ముక్కలు కోసి అందించడం అతని పని. ముప్పై ఏళ్లుగా జీతం భత్యం లేకుండా చేస్తున్నాడు.

తలుపు తోసుకుని నర్సు సబీనా వచ్చింది. నేపాల్ పిల్ల. అతన్ని "దాయ్" అంటుంది, వాళ్ల భాషలో అన్నయ్య అని.

"డెస్ దాయ్, మార్లీన్ ఫోన్ చేసింది. ఈ రోజు వస్తుందట."

ఇస్త్రీపెట్టె డెస్ చేతిలోనే ఆగింది. మార్లీన్ అంటే ఇక్కడుండే ముసలాయన ఏథల్ బర్గెస్ కూతురు. అంబులెన్సులో పని చేస్తుంది. మూడు వారాల కిందట తండ్రి గదిలో కేకలు వేసి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

"ఎన్నింటికి?"

"నాలుగింటికి. ఆ స్టేడియం కాగితం సంగతి తేల్చుకుంటుందట. పేరు వెనక్కి తీసుకోడానికి ఇవాళ ఐదింటి దాకానే గడువట కదా? 'నాన్నా, అది చదివే సంతకం పెట్టావా' అని ఒక్క మాట అడుగుతుందట. లేదన్నాడంటే అక్కడికక్కడే ఫోన్ చేసి ఆయన పేరు తీయించేస్తానంది. అయ్యో, కాలుతోంది చూడు!"

పెద్దావిడ స్వెటర్ భుజం మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో పసుపు మరక పడింది. ఇరవై రెండేళ్లలో డెస్ ఒక బట్ట కాల్చడం అదే మొదటిసారి.

ఆ కాగితం మీద ఏథల్ చేత సంతకం పెట్టించింది డెస్.

సంగతి ఇది. దేశపు పెద్ద పోటీల్లో తమ దీవికి సొంత జట్టు కావాలని ఈ హోబార్ట్ ఊళ్లో ముసలీ ముతకా అందరికీ ఎప్పటినుంచో ఆశ. రేవు పక్కన పైకప్పుతో కొత్త స్టేడియం కడితేనే జట్టునిస్తామని సముద్రం అవతల ఆ పోటీలు నడిపేవాళ్లు మెలిక పెట్టారు. ప్రభుత్వం అప్పు చేసైనా కడతానంది. ఆసుపత్రి వరండాల్లో రోగులు మంచాల్లేక పడి ఉంటే ఆటకి కోట్లేమిటని సగం ఊరు తిరగబడింది. ఎవరి మాట వాళ్లు రాసి ఇవ్వండని ప్రభుత్వం వేసిన కమిటీ ఒక ఫారం పెట్టింది. క్లబ్బు అధ్యక్షుడు బారీ 'కావాలి' అనే ఫారాల కట్ట తెచ్చి ఆటగాళ్ల గదిలో అందరికీ పంచాడు. "ఒక్కొక్కళ్లూ పది తీసుకురండి. డెస్, నువ్వు తేలేవులే, నీకెవరు తెలుసు గనక" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

కొత్త బట్టలకి పట్టీలు వేశాక సొంతదారు చేత చీటీ మీద సంతకం పెట్టించుకోవడం ఆశ్రమంలో ఆనవాయితీ. డెస్ చీటీ పట్టుకొస్తే ఎవరూ చదవరు. "ఎక్కడ?" అంటారు, చూపించినచోట గీస్తారు. ఆ వారం అతను చీటీల అడుగున ఫారాలు పెట్టుకుని గది గదికీ వెళ్లాడు. అబద్ధం ఒక్కటీ ఆడలేదు. ఏమిటో చెప్పలేదంతే. పదకొండు సంతకాలు వచ్చాయి. ఏథల్ చెయ్యి వణుకుతుంటే మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించాడు. "ఎందుకు కావాలి?" అని అడిగినచోట ఖాళీ గీతలున్నాయి. మిగిలిన పదింటికీ బారీ రాసిచ్చిన మాటే ఎక్కించాడు. ఏథల్ కాగితం మీద మాత్రం, నేలమాళిగలో ఒంటరిగా కూర్చుని, తనకి తోచింది రాశాడు: "మా దీవి జట్టు మా గడ్డ మీద ఆడుతుంటే ఒక్కసారి చూసి కన్నుమూయాలని ఉంది."

క్లబ్బు విందులో బారీ మైకులో డెస్ పేరు పిలిచాడు. అందరికన్నా ఎక్కువ తెచ్చింది ఇతనే అన్నాడు. నూటయాభై మంది చప్పట్లు కొట్టారు. డెస్ కుర్చీలోంచి సగం లేచి, ఏం చెయ్యాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. ఆ రాత్రి ఇంటికి నడిచి వెళుతుంటే మోకాలి నొప్పి తెలియలేదు.

ఆపై వారం ఆ వాక్యం పేపర్లో పడింది. పాత ఆటగాడు, ఎనభై ఎనిమిదేళ్ల ఏథల్ బర్గెస్ ఆఖరి కోరిక అంటూ, కుర్రతనపు ఫోటోతో సహా. వీధుల వెంట స్టేడియం వద్దని బోర్డులు పాతుతూ తిరిగిన మార్లీన్ అది చదివింది.

పదిన్నరకి డెస్ టీకి వంటింట్లోకి వెళ్లాడు. వంటమనిషి రేలీన్ గుమ్మడికాయ ముక్కలు తరుగుతోంది. మూల బల్ల మీద టీవీలో శాసనసభ నడుస్తోంది. ఒకాయన ఉద్యోగాలొస్తాయని బల్ల గుద్దుతున్నాడు. ఇంకొకావిడ అంబులెన్సుల వరుస ఫోటో ఎత్తి చూపిస్తోంది.

"చూడు డెస్సీ, మీ స్టేడియానికి వానపడని కప్పట. ఇక్కడ నా నెత్తిన కప్పు కారి ఆర్నెల్లయింది. ఆ బకెట్టు అటు జరుపు." రేలీన్ కత్తితో చూపించింది. "మా ఇంటి కంచెకి రెండు బోర్డులున్నాయి తెలుసా? గేటుకి ఇటు 'వద్దు' నాది, అటు 'కావాలి' మా ఆయనది. ఉత్తరాలిచ్చేవాడు ఏ వైపు నిలబడాలో తెలీక బిక్కచచ్చిపోతున్నాడు."

డెస్ బకెట్టు జరిపాడు.

"అవునుగానీ, మార్లీన్ వస్తోందటగా? మంచి పని చేస్తోంది. మొన్న సూప్ పట్టుకెళ్తే ఏథల్ నన్ను 'అంపైర్ గారూ' అన్నాడు. అలాంటాయన కూర్చుని అంత చక్కని మాట రాశాడట! ఎవడో రాయించాడు. ముసలాయన్ని వెర్రివాణ్ణి చేసి ఆడుకున్న ఆ చెయ్యి పడిపోను!"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు డెస్ కుడిచెయ్యి బల్ల కిందికి పోయింది. ఎడమచేత్తో కప్పు ఎత్తి తాగబోతే టీ గడ్డం మీదికి కారింది.

"ఏం, ఒంట్లో బాలేదా? అంత ఎర్రబడ్డావేం?"

"ఇస్త్రీ దగ్గరి నుంచి వచ్చాను కదా."

"అదీ నిజమేలే. బిస్కట్టు తీసుకో."

బిస్కట్టు తీసుకుని జేబులో వేసుకున్నాడు. రేలీన్‌కి చెప్పేస్తే అయిపోను. ఆవిడ నాలుగు తిట్టి, మధ్యాహ్నానికి ఆశ్రమమంతా చాటి, సాయంత్రానికి మార్లీన్‌కి చెప్పేసేది. తను నోరు విప్పక్కర్లేకుండానే పని జరిగిపోయేది. ఆ ధైర్యం కూడా లేకపోయింది.

పన్నెండింటికి ఉతికిన దుప్పట్ల బండి తోసుకుంటూ పైకి వెళ్లాడు. ఏథల్ గది వరండా చివర ఉంది. కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. తెల్లవారుజామున పడిన మంచు ఇంకా దాని నెత్తి మీద ఉంది. ఏథల్ కుర్చీలో ఉన్నాడు. ఒకప్పుడు మైదానం నడుమ అందరికన్నా పైకి ఎగిరి బంతి తట్టిన ఆరున్నర అడుగుల మనిషి. ఇప్పుడు మోకాళ్లే ముందుకు పొడుచుకొచ్చి, మిగతాదంతా కుర్చీలోకి జారిపోయింది. గులాబీరంగు దుప్పటి గడ్డం దాకా, ఉన్ని టోపీ చెవుల కిందిదాకా ఉన్నాయి. దుప్పటి మీద రెండు చేతులూ మాత్రం ఇంకా పెద్దవే. వేళ్లు ఏ ఆటలోనో విరిగి, ఎలా పడితే అలా అతుక్కున్నాయి.

డెస్ దుప్పట్లు అలమరలో సర్దాడు. సర్దినవి తీసి మళ్లీ సర్దాడు. ఆయన్ని బతిమాలుకుందామనే అతను వచ్చాడు. మార్లీన్ అడిగితే నా పేరు చెప్పకు ఏథల్ అందామని. వరండా అంతా మాటలు నెమరువేసుకుంటూ వచ్చాడు. తీరా ఎదురుగా మంచం అంచు మీద కూర్చుని ఆ వంకర వేళ్లు చూశాక ఆ మాట రాలేదు.

ఏథల్‌తో మాట్లాడేటప్పుడు అందరూ గొంతు పెంచుతారు. పక్క గది తలుపు తీసి ఉంది. డెస్ గొంతు పెంచలేదు.

"ఏథల్, ఆ కాగితం బట్టల చీటీ కాదు. స్టేడియం కాగితం. నేనే తెచ్చాను. నీకు చెప్పకుండా పెట్టించాను. ఆ రాసిందీ నేనే. నీ కూతురు అందుకే అలిగింది. సాయంత్రం వస్తుంది. నేనే చెబుతాను. నిజంగా చెబుతాను. నువ్వు కోప్పడితే కోప్పడు."

ముసలాయన అతని పెదవుల వంక చాలాసేపు చూశాడు. తర్వాత తన చెయ్యి ఎత్తి డెస్ చేతి మీద వేశాడు. ఆ చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది.

"పోనీలే అబ్బాయ్" అన్నాడు. "బంతి తడిసుంది. ఎవరి చేతిలోంచైనా జారేదే."

డెస్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. క్షమించాడు. ఆటగాడు కదా, ఆటగాడిలాగే క్షమించాడు. జేబులో బిస్కట్టు తీసి రెండు ముక్కలు చేసి, ఒకటి ఆయన నోటికందించి ఒకటి తను తిన్నాడు. నాలుగింటికి మార్లీన్ జోళ్లు కిటికీలో కనిపించగానే ఎదురెళ్లి చెప్పాలనుకున్నాడు. కిందికి దిగుతూ మొదటి మాట కూడా ఎంచుకున్నాడు: "అమ్మాయ్, తప్పు నాది."

రెండున్నరకి సబీనా మళ్లీ వచ్చింది. ఈసారి తలుపు దగ్గరే ఆగిపోయింది.

"దాయ్, ఏథల్ పోయాడు. భోజనం అయ్యాక కునుకు తీస్తున్నాడనుకున్నాను. టీ ఇద్దామని లేపితే..." ఆ పిల్ల ముక్కు తుడుచుకుంది. "పెద్ద కష్టపడినట్టు లేదు. అలాగే కూర్చుని ఉన్నాడు."

మిషన్ గిర్రున తిరుగుతోంది. డెస్ దాని వంక చూస్తూ నిలబడ్డాడు. అప్పుడతని మనసులోకి అన్నిటికన్నా ముందు వచ్చిన మాట ఒకటుంది. ఏథల్ అని కాదు, అయ్యో అని కాదు. ఇక ఎవరూ చెప్పరు, అని.

ఆ మాట వచ్చిందని తెలియగానే తల కొట్టేసినట్టయింది. చెక్క స్టూలు మీద కూలబడ్డాడు. సబీనా వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "నీకు బాగా ఇష్టం కదా ఆయనంటే" అంది. అతను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

నాలుగయింది. మార్లీన్ రాలేదు. ఐదయింది. రోజూ నాలుగున్నరకి ఇంటికెళ్లే మనిషి ఆ రోజు కదల్లేదు. ఆరిన తువ్వాళ్లు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. గోడ మీది ఫోనులోంచి కమిటీకి తనే ఫోన్ చెయ్యవచ్చు. ఆ నంబరు ఫారం అడుగున ఉంది, అతనికి నోటికి వచ్చు. ఐదుకి ఐదు నిమిషాలుండగా రిసీవర్ తీశాడు కూడా. అవతలివాళ్లు 'మీరెవరు' అంటారు. దానికి జవాబు చెప్పాలి. రిసీవర్ పెట్టేశాడు. ఐదు దాటాక గుండె కొంచెం తేలికపడింది. ఆ తేలికకి మళ్లీ సిగ్గేసింది.

ఐదు నలభైకి కిటికీలో నల్లటి బూట్లు పరుగున వెళ్లాయి. ఒక లేసు విడిపోయి నేలమీద ఈడుస్తోంది.

అరగంట తర్వాత ఆ బూట్లే మెట్లు దిగి కిందికి వచ్చాయి. మార్లీన్‌కి యాభై దాటాయి. తండ్రి ఎత్తు, తండ్రి భుజాలు. అంబులెన్సు యూనిఫాం ఇంకా మార్చలేదు, మోచేతి దగ్గర ఎవరిదో వాంతి ఎండిపోయి ఉంది.

"డెస్, ఇంకా ఉన్నావా? నీకోసమే ఉన్నానని అబద్ధమైనా చెప్పు" అంటూ నవ్వబోయింది. నవ్వు సగంలో విరిగింది. ఆరబెట్టే మిషన్‌కి వీపు ఆనించి నిలబడింది. "ఆసుపత్రి గుమ్మంలో మూడున్నర గంటలు నిలబెట్టేశారు. తుంటి విరిగిన ముసలమ్మ. మంచం ఖాళీ లేదు, వదిలేసి రాలేను. సబీనా ఫోన్ చేసినప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఉంది. ఎవరి అమ్మో ఆవిడ. మా నాన్న ఇక్కడ ఒక్కడే..."

డెస్ తువ్వాలు అందించాడు. ఆమె మొహం దానిలో పెట్టుకుంది.

"అమ్మాయ్" అన్నాడు.

"మూడు వారాలు రాలేదు. ఒక కాగితం కోసం. ఇవాళ కూడా ఆయనతో పోట్లాడదామనే బయల్దేరాను. 'చదివే పెట్టావా నాన్నా, తెలిసే రాశావా' అని అడుగుదామని." తల ఎత్తింది. "నువ్వు చెప్పు. మీరిద్దరూ ఆట మాటలు మాట్లాడుకునేవాళ్లు కదా. నిజంగా ఆయనకి ఆ కోరిక ఉండేదా?"

గదిలో మిషన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఇంతకంటే సూటిగా అతన్ని ఎవరూ ఏదీ అడిగింది లేదు. తప్పు నాది, అన్న మాట గొంతు దాకా వచ్చింది. ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో ఆమె అతని నోటివంకే చూస్తోంది, అవునని చెప్పు అన్నట్టు.

"ఆటంటే ఆయనకి ప్రాణం" అన్నాడు డెస్.

మార్లీన్ నెమ్మదిగా తల ఊపింది. "అంతే కదా. నేనే మూర్ఖురాల్ని. ఆయన జీవితంలో ఒక్కటంటే ఒక్క మాట కాగితం మీద పెట్టలేదు. మా అమ్మకి కూడా ఉత్తరం రాయలేదట. ఆఖరికి ఒకే ఒక్కటి రాశాడు, దానికి నేను మొహం మీద కేకలేశాను." ఫోను తీసి చూపించింది. పేపర్లోని ముక్క దానిలో ఉంది, కుర్రతనపు ఏథల్ ఆకాశంలో చేతులు చాచి ఉన్నాడు. "అంత్యక్రియల్లో ఇదే చదువుతాను. నాన్న సొంత మాట కదా. స్టేడియం కడితే కట్టుకోనీ. నువ్వు వస్తావా? ముందు వరసలో కూర్చో. ఆయన్ని నువ్వు చూసుకున్నట్టు నేను చూసుకోలేదు."

ఆమె వంగి అతని బుగ్గ మీద ముద్దు పెట్టి మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆమె నిలబడ్డ చోట తువ్వాలు పడి ఉంది. డెస్ దాన్ని తీసి మురికి బట్టల్లో వేశాడు.

ఏథల్‌కి చెప్పాను, అనుకున్నాడు. ఆ ఒక్కటీ ఉంది. ఎవరికి చెప్పాలో వాళ్లకే చెప్పాను. ఆయన విన్నాడు, పోనీలే అన్నాడు. ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ మాట పట్టుకుని ఈ వారం గడుస్తుంది. అంత్యక్రియల్లో ముందు వరసలో కూర్చోవడం కూడా గడుస్తుంది.

ఇంటికి వెళ్లేముందు పొద్దుటి సంచి ఒకటి మిగిలిపోయిందని చూశాడు. తెల్లారి ఉపాహారం దగ్గర ఏథల్ పాలు ఒలకబోసుకుంటే సబీనా మార్చి కిందికి పడేసిన ఉన్ని కోటు అందులో ఉంది. పాల వాసన వస్తోంది. మిషన్‌లో వెయ్యబోతూ అలవాటుగా జేబులు తడిమాడు. ఎడమ జేబులో, నలిగిన కాగితపు రుమాలులో చుట్టి, గట్టిగా ఏదో తగిలింది.

అరచేతిలోకి తీసుకుని వేళ్లు మూయగానే అది సన్నగా కూసింది. వేళ్లు తెరిస్తే ఊరుకుంది.

మడిచిన తువ్వాళ్ల పక్కన, బల్ల మీద, చిక్కుడు గింజంత చెవి మిషన్, పొద్దున్నే చెవిలోంచి తీసి జేబులో దాచుకున్న ఏథల్ ఆపడం మరచిపోవడంతో ఇంకా పనిచేస్తూనే ఉంది.